సున్నా పాయింట్ మూడు కాదట

సమానం గుర్తంటే నాకు ఇప్పటికీ చీదర. బళ్ళో ఉన్నప్పుడు ఒకదాని కింద ఒకటి రెండు అడ్డగీతలు గీసి నిశ్చింతగా ఉండేవాళ్ళం. ఎడమ పక్కనున్నదీ కుడి పక్కనున్నదీ ఒకటే, ఇక వాదించేదేమీ లేదు అనుకునేవాళ్ళం. స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ చేసి, కంప్యూటర్ ముందు కూర్చుని జీతం తీసుకునే రోజులు వచ్చాకగానీ ఆ రెండు గీతలు ఎంత పని చేయగలవో తెలియలేదు. నిజానికి తప్పు గీతలది కాదు, వాటిని నమ్ముకున్న మనుషులది. అయితే ఆ మనుషుల్ని ఇన్నేళ్ళుగా తిట్టీ తిట్టీ నాకే విసుగొచ్చింది. అందుకని గీతల్ని కూడా కలిపి తిడుతున్నాను.

మాది జగ్గయ్యపేట. మిర్చి, పప్పుల టోకు వ్యాపారం చేసే ఇల్లు. తొంభైల్లో డిగ్రీ చదువుకి రోజూ బస్సెక్కి నందిగామ వెళ్ళేదాన్ని. అక్కడ కెమిస్ట్రీ ల్యాబులో మా చేత ప్రయోగాలు చేయించే ఆయన ఒకరు ఉండేవారు. లెక్చరర్ కాదు, డిమాన్‌స్ట్రేటర్. అయినా అందరం మాస్టారనే పిలిచేవాళ్ళం. ఆయనది చెవిటికల్లు అనే ఊరు, రైతుబిడ్డ. ఏటిపక్క పొలం అన్నలకు వదిలేసి, నందిగామలో రెండు గదుల వాటాలో కాపురం పెట్టారు.

టైట్రేషన్ చేసేటప్పుడు బ్యూరెట్ రీడింగు మూడుసార్లు తియ్యాలి. గీతలున్న గాజు గొట్టంలో ద్రవం ఎక్కడిదాకా దిగిందో చూసి రాయాలి, అంతే. మూడుసార్లు చేసే ఓపిక ఎవరికుంటుంది? ఒకసారి చేసి, మిగతా రెండు గళ్ళలోనూ అదే అంకె దించేవాళ్ళం. చుట్టుపక్కల ఏ కాలేజీలోనైనా అదే తంతు. పరీక్షకు వచ్చే పెద్దమనుషులకు కూడా మూడూ ఒకేలా ఉంటేనే ముచ్చటగా ఉండేది. మాస్టారికి మాత్రం గిట్టేది కాదు. నా రికార్డు చూసి ఒకసారి అన్నారు:

“మూడూ ఒకటే ఎట్టా వచ్చినయ్యమ్మా? కనపడింది రాయి. తేడా వస్తే రానీ.”

మళ్ళీ మొదటినుంచీ చేయించారు. ఆ రోజు నా బస్సు పోయింది. చాదస్తపు మనిషి అని మనసులో బాగానే తిట్టుకున్నాను.

తర్వాత ఆ కాలేజీలో మా గ్రూపే ఎత్తేశారు. మాస్టారు ముక్త్యాల వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు కెమిస్టుగా చేరారు, టెంపరరీగా. రెండువేల సంవత్సరం దాటాక నేనూ అక్కడికే ఉద్యోగానికి వెళ్ళాను. క్వాలిటీ విభాగంలో కంప్యూటర్ గది నాది. ల్యాబు నుంచి వచ్చే అంకెల సగటులు తీయడం, గ్రాఫులు గీయడం, నెలాఖరుకు రిపోర్టు కట్టడం నా పని. మొదటి రోజు మాస్టారిని చూసి సంబరపడి పలకరించాను. ఆయన నన్ను గుర్తుపట్టలేదు. రికార్డు సంగతి చెబితే నవ్వి, “అయితే ఇప్పుడు సరిగ్గా రాస్తున్నావా” అని అడిగారు.

సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగమంటే దుమ్ము తినడమే. జడలో దుమ్ము, టీలో దుమ్ము, క్యారేజీ మూత తీస్తే పెరుగన్నం మీద దుమ్ము. ఇంటికొచ్చి తల మీద పోసుకున్న మొదటి చెంబు నీళ్ళు బూడిదరంగులో కారేవి. కంప్యూటర్ గదికి మాత్రం ఏసీ. చెప్పులు బయట విడవాలి, తలుపు వెంటనే మూయాలి, లోపల ఏమీ తినకూడదు. మా ఇంట్లో దేవుడి గదికి కూడా అంత మడి లేదు. ఆ మడి అంతా యంత్రం కోసం. మనుషుల ఊపిరితిత్తుల గురించి ఎవరూ ఒక్క బోర్డు కూడా పెట్టలేదు.

ల్యాబుకు గంటగంటకూ పొడి నమూనా వచ్చేది. అందులో సున్నం ఎంత, సిలికా ఎంత, అల్యూమినా ఎంత, ఇనుము ఎంత అని కెమిస్టు నూటికి ఇన్ని పాళ్ళని తేల్చాలి. ఆ నాలుగు అంకెలూ, వాటి మొత్తమూ తనే కంప్యూటర్లో కొట్టాలి. కొందరు పరీక్ష చేయకుండానే అంకెలు వేసేస్తున్నారని హైదరాబాదులో హెడ్డాఫీసుకు అనుమానం వచ్చింది. అనుమానం నిజమే. వాళ్ళని పట్టుకోవడానికి అక్కడ ఎవరో ఒక ప్రోగ్రాం రాసి పంపారు. అది ఆ నాలుగు అంకెల్నీ తను మళ్ళీ కూడుతుంది. వచ్చినదీ, కెమిస్టు కొట్టిన మొత్తమూ సమానమా కాదా అని చూస్తుంది. కాకపోతే ఆ వరస పక్కన ఒక నక్షత్రం గుర్తు వేస్తుంది. కూడిక కూడా కుదరని వరస కల్పించిందే అయి ఉంటుందని వాళ్ళ తర్కం.

మొదటి నెల కాగితాలు ప్రింటర్లోంచి కీచుమంటూ బయటికి వచ్చాయి. నక్షత్రాలన్నీ మాస్టారి షిఫ్టులోనే. మిగతా కెమిస్టుల కాగితాలు కడిగిన పళ్ళెంలా ఉన్నాయి.

ఇక్కడి నుంచే నాకు రోత మొదలైంది. ఆ కాగితం మీద కెమిస్టు కొట్టిన మొత్తం ఒక గడిలో, కంప్యూటర్ కూడిన మొత్తం పక్క గడిలో ఉంటాయి. మాస్టారి వరసలో 95.3 అని ఒకటి, దాని పక్కనే 95.3 అని ఇంకొకటి, ఆ పక్కన నక్షత్రం. తొంభై అయిదు పాయింట్ మూడూ తొంభై అయిదు పాయింట్ మూడూ సమానం కాదని అచ్చుగుద్ది చెబుతోంది. ఆ కాగితాన్ని మేనేజరు చూశారు, షిఫ్టు ఇంజనీర్లు చూశారు, ఆఖరికి క్యాంటీన్లో కూడా చేతులు మారింది. అందరూ చదువుకున్నవాళ్ళే. రెండూ ఒకటేగా, మరి ఈ గుర్తెందుకు అని ఒక్క మనిషి అడగలేదు. మన కంటికి కనపడని తేడా ఏదో కంప్యూటర్‌కు కనపడి ఉంటుందని తేల్చేశారు. ఆయన వరసలు కొన్నింటికి నక్షత్రం పడేది కాదు. అది మరీ ముప్పు తెచ్చింది. చూశారా, బుద్ధి పుట్టినప్పుడు సరిగ్గానే చేస్తున్నాడు అన్నారు.

ఫ్యాక్టరీ బస్సులో ఆయన్ని ఆటపట్టించడం మొదలుపెట్టారు. ఇవాళ ఎన్ని చుక్కలు పొడిచాయి మాస్టారూ అని ఒకరు, పగలే ఆకాశం చూపిస్తున్నారు అని ఇంకొకరు. ఆయన కిటికీలోంచి సున్నపురాయి గుట్టల వంక చూస్తూ కూర్చునేవారు.

ఇది నవ్వులాటతో పోయేదైతే నేనూ నవ్వి ఊరుకునేదాన్ని. ఆ ఏడాది మాస్టారిని పర్మనెంట్ చేయడమో, పంపించేయడమో ఏదో ఒకటి తేల్చాలి. నక్షత్రాలు లేని కాగితం ఉంటేనే పేరు పంపుతానని మేనేజరు ముందే చెప్పేశారు. మాస్టారికి నలభై దాటాయి. కొత్తగా ఎవరూ తీసుకునే వయసు కాదు. కాలేజీలో ఆ ల్యాబే లేదు. ఉద్యోగం పోతే చెవిటికల్లు వెళ్ళి, తను వదులుకున్న పొలంలో అన్నల కింద పని చేయాలి. అది కూడా కాదు అసలు బాధ. పరీక్ష చేయకుండా అంకెలు వేశాడన్న పేరుతో వెళ్ళాలి. ఆ పేరు మరెవరికైనా అతుకుతుందేమోగానీ ఆయనకా?

ఆయన వరసలు నాలుగు తీసుకుని ముందు కాగితం మీద కూడి చూశాను. సరిపోయాయి. తర్వాత నా స్టాటిస్టిక్స్ ప్యాకేజీలో కొట్టి, మొత్తాన్ని పాయింట్ తర్వాత ఒక్క అంకెతో ఆపకుండా పూర్తిగా చూపించమన్నాను. తోక బయటపడింది.

దీన్ని చెప్పడానికి మా నాయనమ్మ కావాలి. ఆవిడ కొట్లో కూర్చున్నన్నాళ్ళూ దశాంశాలను ఒప్పుకోలేదు. ఆవిడ లెక్కంతా అర, పావు, పరక, వీసం. సగం, సగంలో సగం, అందులో సగం, అందులో సగం. కంప్యూటర్ కూడా లోపల అచ్చం మా నాయనమ్మే. పాయింట్ తర్వాత దానికి తెలిసినవన్నీ సగాలే. ఒకటిలో పదో వంతు ఇవ్వమంటే, పరకలూ వీసాలూ ఇంకా చిన్నవీ ఎన్ని పోగేసినా సరిగ్గా పదో వంతు తేలదు. ఎక్కడో ఒకచోట విసిగి ఆపేస్తుంది. అందుకే దాని దగ్గరున్న పాయింట్ ఒకటి అసలు పాయింట్ ఒకటి కాదు, దానికి బాగా దగ్గరగా ఉన్న మరేదో. అలాంటివి రెండు మూడు కలిపితే ఆ నలుసంత తేడాలూ కలుస్తాయి, ఒక్కోసారి మాత్రం ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. సున్నా పాయింట్ ఒకటికి సున్నా పాయింట్ రెండు కలిపితే దానికి వచ్చేది 0.30000000000000004. ఒక్క అంకెతో ప్రింటు తీస్తే ఆ తోక కనపడదు. సమానమా అని అడిగితే మాత్రం తోకతో సహా చూసి కాదంటుంది.

ఈ పనిలో ఉన్నవాళ్ళెవరూ పాయింటున్న అంకెల్ని సమానమా అని అడగకూడదు. తేడా ఇంతకంటే తక్కువా అని అడగాలి. ప్రోగ్రాంలో ఒక్క వరస మార్చితే అయిపోతుంది. హెడ్డాఫీసు పెద్దమనిషికి అది తెలియలేదు, ఎవరూ అడగలేదు కూడా.

అంతటితో ఆగితే అది అజ్ఞానమే, అసహ్యం కాదు. మిగతావాళ్ళకు నక్షత్రాలు ఎందుకు పడటం లేదో చూద్దామని వాళ్ళ కాగితాలు తీశాను. 64.5, 21.0, 5.5, 4.0. కింద ఇంకో వరస. 64.0, 21.5, 5.5, 4.0. పేజీలకు పేజీలు అన్నీ సున్నాలూ అయిదులే. నిజంగా కొలిస్తే చివరి అంకె ఒకటీ రావాలి, ఏడూ రావాలి, తొమ్మిదీ రావాలి. గంటగంటకూ కొలిచేవాడికి నెలంతా అరలే తగులుతాయా? క్యాంటీన్లో బజ్జీలు తింటూ నోటికొచ్చినట్టు వేసిన అంకెలు అవి. మనిషి కల్పించేటప్పుడు చేయి అర దగ్గరే ఆగుతుంది. అర మా నాయనమ్మకూ తెలుసు, కంప్యూటర్‌కూ తెలుసు. దానికి తోక ఉండదు. ఎన్ని అరలు కూడినా సరిగ్గా సరిపోతుంది.

అంటే దొంగల్ని పట్టడానికి పెట్టిన ప్రోగ్రాం దొంగల మెడలో దండ వేసి, చూసింది చూసినట్టు రాసిన ఒక్క మనిషినీ పట్టుకుంది. అన్నం తింటుంటే నోట్లోకి వెంట్రుక వచ్చినట్టయింది నాకు.

ముందు మాస్టారికి చెప్పాను. నేను కంప్యూటర్ సంగతంతా వివరిస్తుంటే ఆయన మధ్యలోనే ఆపి, “అయితే నా కూడిక తప్పు కాదన్నమాట” అన్నారు. అప్పుడు తెలిసింది, ఆయన రోజూ ఆ మొత్తాల్ని ఒక చీటీ మీద ఎక్కించుకుని ఇంటికి తీసుకెళ్ళి మళ్ళీ మళ్ళీ కూడుకుంటున్నారట. చిన్న కూడికలు. మూడో తరగతి పిల్లలు చేసేవి. ఎక్కడో పొరపాటు చేస్తున్నానని, వయసు మీద పడుతోందని అనుకున్నారట. ఆయన భార్య కూడా కూడి చూసిందట. విన్నాక నాకు ఆ ప్రింటర్ని తీసుకెళ్ళి ఏట్లో పారేయాలనిపించింది.

మేనేజరు దగ్గరికి వెళ్ళాను. ఆయన చెడ్డవాడు కాడు. ఇస్త్రీ చొక్కా, మెత్తని మాట. కూర్చోబెట్టి టీ తెప్పించేవాడు. ఆయన ఎదురుగానే సున్నా పాయింట్ ఒకటీ, సున్నా పాయింట్ రెండూ కలిపితే సున్నా పాయింట్ మూడేనా అని కంప్యూటర్‌ను అడిగాను. ఫాల్స్ అంది. అరకు అర కలిపితే ఒకటా అని అడిగాను. ట్రూ అంది. ఆయన కుర్చీ ముందుకు జరుపుకుని, తనే ఇంకో రెండు కొట్టి చూసుకుని, చిన్నపిల్లాడిలా నవ్వాడు. అర్థమైంది ఆయనకు. పూర్తిగా అర్థమైంది. అర్థం కాకపోతే క్షమించేదాన్ని.

తేడా నలుసంతైతే వదిలేయమని ప్రోగ్రాంలో ఒక్క వరస మారుద్దాం సార్ అన్నాను. ఆయన టీ కప్పు కింద పెట్టి నెమ్మదిగా అడిగాడు:

“ఎంత తేడా అయితే వదిలెయ్యొచ్చని ఎవరు సంతకం పెడతారు మేడమ్?”

బ్యూరెట్ చూపించేదే పదో వంతు కాబట్టి వెయ్యో వంతు కంటే తక్కువ తేడా ఎవరికీ లెక్కకాదని చెప్పాను. నేనే సంతకం పెడతానన్నాను. నా సంతకం చెల్లదన్నాడు. మరి మీరు పెట్టండి అంటే, హెడ్డాఫీసు ప్రోగ్రాంలో మనం వేలు పెట్టకూడదన్నాడు. అప్పుడు మిగతా షిఫ్టుల కాగితాలు ముందు పరిచి, ఈ సున్నాలూ అయిదులూ చూడమన్నాను. చూడనక్కర్లేదన్నట్టు పక్కకు జరిపాడు. ఆయనకు ముందే తెలుసు. అందరూ రాసేది అదే కదా మేడమ్, లారీ హైవే ఎక్కి గరికపాడు దాటాక ఆ సిమెంటు సంగతి ఎవరు చూడొచ్చారు అన్నాడు. నా కప్పులో టీ మీద దుమ్ము తెట్టు కట్టింది. తాగకుండా లేచొచ్చాను.

హెడ్డాఫీసుకు నేనే నేరుగా మెయిల్ రాశాను. ఉదాహరణలతో సహా, ఎలా మార్చాలో కూడా రాశాను. జవాబు చాలా రోజులకు వచ్చింది. మిగతా షిఫ్టుల్లో ప్రోగ్రాం బ్రహ్మాండంగా పనిచేస్తోందట, కాబట్టి లోపం ప్రోగ్రాంలో లేదట, ఆ ఒక్క షిఫ్టు మీద దృష్టి పెట్టాలట. నా మెయిల్ ఎవరూ చివరిదాకా చదవలేదని ఆ జవాబులోనే తెలుస్తోంది.

దృష్టి పెట్టారు. మేనేజరు మాస్టారిని పిలిపించి, నన్నూ కూర్చోబెట్టి, ఉపాయం చెప్పాడు. కంప్యూటర్‌కు అరలు సుఖమట, మేడమే కనిపెట్టారట, కాబట్టి ఇక నుంచి మీరు కూడా దగ్గర్లో ఉన్న అరకో సున్నాకో సర్ది రాసేయండి, సిమెంటేం మారదు అన్నాడు. నేను కనిపెట్టింది అందుకట. నా ఒళ్ళంతా జెర్రులు పాకినట్టయింది. మాస్టారు మర్యాదగానే చెప్పారు:

“మారదని మీకెట్టా తెలుసండీ? మారిందో లేదో చూట్టానికేగా నన్ను పెట్టుకుంది.”

ఆ రోజు ఆయన్ని చూసి నాకు గర్వమనిపించింది. బస్సులో ఎవరో చుక్కల మాట ఎత్తితే గట్టిగా కసురుకున్నాను కూడా.

ఆ తర్వాత ఆయనకు హెచ్చరిక కాగితం ఒకటి ఇచ్చారు. కొన్నాళ్ళకు ఇంకొకటి. నక్షత్రాలు పడుతూనే ఉన్నాయి. మా నాన్నకు ఒంట్లో బాగోక నేను కొన్ని వారాలు సెలవులో ఉన్నాను. తిరిగొచ్చి ఆ నెల కాగితాలు తీస్తే మాస్టారి షిఫ్టులో ఒక్క నక్షత్రం లేదు. కింద నుంచి పైకి, పై నుంచి కిందకి చూశాను. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఎవరో పుణ్యాత్ముడు నా మెయిల్ చదివి, ఆ ఒక్క వరసా మార్చాడనుకున్నాను. మిగతా గళ్ళలో ఏమున్నాయో చూడాలన్న ధ్యాసే లేదు. ఆ వారంలోనే ఆయన పర్మనెంట్ ఆర్డరు కూడా వచ్చిందని చెప్పారు.

చెప్పులు వేసుకుని ల్యాబుకు పరిగెత్తినంత పని చేశాను. పట్టపగలు, కిటికీలోంచి ఎండ నిండుగా పడుతోంది. మాస్టారు బ్యూరెట్ ముందు నిలబడి రీడింగు చూస్తున్నారు. పక్కన కొత్తగా చేరిన కెమిస్టులు ఇద్దరు నిలబడి ఉన్నారు. అందరికంటే శుభ్రమైన కాగితం ఈయనదని, ఈయన దగ్గరే పని నేర్చుకోమని మేనేజరు పంపారట. నన్ను చూసి ఆయన తల ఊపి, వాళ్ళకు వినపడేలా ఇరవై రెండున్నర అన్నారు.

నేను పక్కకు వెళ్ళి చూశాను. ద్రవం ఇరవై రెండున్నర దాటి, ఏడో చిన్న గీత మీద నిలిచి ఉంది. ఎవరికైనా కనపడుతుంది.

“పాయింట్ ఏడు కదండీ మాస్టారూ” అన్నాను.

ఆయన కోపం తెచ్చుకోలేదు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. నా కోసం నటించడం కాదు, నిజంగానే చూశారు. చాలాసేపు చూశారు.

“లేదమ్మా, ఇరవై రెండున్నరే. మొదట్లో సర్ది రాశా, నీ దగ్గర దాపరికమేముంది. ఇప్పుడు సర్దటం లేదు. నాకట్టానే కనపడతంది.”

నాకు రోత పుట్టింది. ఆయన మీద కాదు, ఒట్టు. కొత్తగా చేరినవాళ్ళు ఇద్దరూ ఒకసారి బ్యూరెట్ వంక, ఒకసారి ఆయన వంక చూసి, ఇరవై రెండున్నర అని రాసుకున్నారు.